వదిన బండికి ఎర్ర పేలిక

ఇదిగో, నిన్నే! వెనక్కి తిరిగి చూస్తావేంటి, నీ వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ముందు నీ ముక్కు ఉందో లేదో ఒకసారి తడుముకో. ఉందా? సంతోషం. దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చో, ఈ కథలో ముక్కులకి గండం ఉంది. నన్నెవరూ బోల్తా కొట్టించలేరులే అన్న ధీమా నీ మొహంలో దీపంలా వెలుగుతోంది. మంచిదే. కథ అయ్యేదాకా దాన్ని ఆరనివ్వకు.

ముక్కు మామ అసలు పేరు ఆ ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తు లేదు. ఆయనకే గుర్తుందో లేదో అనుమానం. చినుకు పడితే వింతగా చెప్పుకునే ఎండు నేల చివర ఉంది ఆ ఫ్యాక్టరీ. పంట ఎత్తేశాక మిగిలిన పత్తి కట్టె, ఆముదం పుల్లలు, గట్ల మీది మొరటు గడ్డి, ముళ్ళకంప, రాళ్ళ సందుల్లో పెరిగిన నాగజెముడు, ఏది దొరికితే అది కలగాపులగంగా మోపులు కట్టి జనం బండ్ల మీద తెస్తారు. లోపల దాన్ని పొట్టుగా కొట్టి, ఆవిరిలో ఉడికించి, మందు కలిపి తీపినీళ్ళు చేస్తారు. ఆ తీపినీళ్ళని తొట్లలో పులియబెట్టి కాస్తే ఇంజన్లలో పోసుకునే సారం దిగుతుంది. మిగిలిన పిప్పి బాయిలర్ కడుపులోకి పోతుంది.

ఇందులో ఎండు పుల్లలతో పేచీ లేదు. పేచీ అంతా నాగజెముడుతోనే. దాని మట్టలని నిలువునా చీల్చి ఎండబెట్టి తెస్తే బంగారం. బద్ధకించి పచ్చివి పచ్చిగానే మోపు మధ్యలో దూర్చేశారా, పైకి గలగలలాడుతూనే లోపల కుళ్ళి బూజు పడుతుంది. అలాంటి మోపులు నాలుగు లోపలికి పోతే తొట్టెడు తీపినీళ్ళూ చెడి కంపెత్తుతాయి. లాబ్‌లో పరీక్ష చేయిస్తే తెలుస్తుంది కానీ, ఆ సంగతి తేలేసరికి పొద్దు వాలుతుంది, అంతసేపు బండ్లు ఎండలో నిలబడవు. అందుకే గేటు దగ్గర ఒక ముక్కుని నిలబెట్టారు. దాని వెనకాల మామని.

పొడుగాటి ఇనప కొక్కెం మోపు గుండెల్లోకి దింపి, మెలితిప్పి, గుప్పెడు చెత్త బయటికి లాగుతాడు. రెండు అరచేతుల మధ్య నలుపుతాడు. ఉఫ్‌మని దుమ్ము ఊదేసి, మిగిలినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. "లోపలికి" అన్నాడా లోపలికే. "అవతలికి" అన్నాడా, మోపులు విప్పి బూడిద గుంటలో పోయిస్తారు. అంతటితో వదలరు. ఆ బండి కాడికి ఎర్ర పేలిక కడతారు. మళ్ళీ వానలు పడేదాకా అది విప్పకూడదు. పేలిక ఉన్న బండి వరసలో అందరికంటే వెనక నిలబడాలి, ప్రతి మోపూ విప్పి చూపించాలి. ఆ పేలికతోనే వీధులన్నీ తిరగాలి. చిన్న గుడ్డముక్కే, కానీ ఊరంతటికీ కనిపిస్తుంది.

మామకి ముక్కు ఎంత పదునో, నోరు అంతకంటే పదును. బండ్లు తూచే కాటావాడి చొక్కా వాసన చూసి "నిన్న అత్తారింట్లో తిన్నావు కదూ, ఆవిడ ఇంకా నూనె ఎక్కువే పోస్తోందా?" అనేవాడు. గడ్డి కుప్పలో దూరి, లాబ్ అమ్మాయి అటుగా వస్తే దయ్యంలా మూలిగేవాడు. ఒకసారి పాము కరిచిందని నురగలు కక్కుతూ పడిపోతే, తొట్టి మేస్త్రీ చెప్పులు లేకుండా డాక్టరు ఇంటిదాకా పరిగెత్తాడు. తీరా చూస్తే అది సబ్బు నురగ. అప్పట్నించీ మేస్త్రీ, మామ "ఎండగా ఉందిరా" అన్నా బయటికి వచ్చి చూసిగానీ నమ్మడు.

అలాంటి మామకి జలుబు చేసింది. ముసుగు తన్ని పడుకున్నాడు, కషాయం తాగాడు, తగ్గిపోయింది. తగ్గింది సరే, పోతూ పోతూ ఆ దిక్కుమాలిన జలుబు వాసనని కూడా మూటగట్టుకుపోయింది.

పనిలోకి వచ్చిన రోజు పొద్దున మొదటి మోపులో కొక్కెం దింపి, నలిపి, ఊది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. ముక్కులోకి గాలి వెళ్ళింది, వచ్చింది. అద్దం ముందు నిలబడితే మొహం కనిపించకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది. వెనకాల బండ్లవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"లోపలికి" అన్నాడు మామ.

మధ్యాహ్నానికల్లా వస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. మర్నాటికి వస్తుందనుకున్నాడు. మర్నాడూ రాలేదు. సబ్బు, కిరసనాయిలు, తన చంకలు, అన్నీ వాసన చూసుకున్నాడు. ఎక్కడా చడీచప్పుడూ లేదు. చెబుదామా అని మేస్త్రీ గది గుమ్మందాకా వెళ్ళి, నవ్వుతాలుకి తలుపు కొట్టి పారిపోయి వచ్చాడు. ముక్కు లేని ముక్కు మామని ఎవరు ఉంచుకుంటారు? ఆ గేటు దగ్గర నిలబడ్డప్పుడే కదా ఇంత లావు మనుషులు కూడా ఆయన మొహంకేసి చూసేది!

అందుకని వాసనకి బదులు మొహాలు చూడటం మొదలుపెట్టాడు. తడబడేవాడి మోపుని ఇంకోసారి లాగేవాడు, ధైర్యంగా నిలబడ్డవాణ్ణి పంపేసేవాడు. అలా ఉండగా ఒకరోజు లారీ ఆసామి సరుకేసుకుని వచ్చాడు. మెడలో తువ్వాలు, నోట్లో వక్క, పెదాల మీద నవ్వు. "మామా, నీ ముక్కుకి దిష్టి తగిలేను, బొట్టు పెట్టుకోవయ్యా!" అంటూ భుజం మీద చెయ్యేశాడు. లారీ మీద పట్టా నున్నగా కప్పి ఉంది. మామ పట్టా అంచు ఎత్తి, ఒక్క గుప్పెడు లాగి, ముక్కు దగ్గర అలా ఆడించాడు.

"లోపలికి, లోపలికి. అడుగుతున్నావా ఇంకా!"

సాయంత్రం తొట్టి మేస్త్రీ చెవి గోక్కుంటూ వచ్చాడు. "ఏంటి మామా, ఈమధ్య అన్నీ లోపలికేనా? ఒక్కటీ అవతలికి అనలేదట. ముక్కు మెతకబడిందా, మనిషి మెతకబడ్డాడా?"

"జనం బాగుపడ్డారురా."

"జనమా!" అని మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళిపోయాడు. కానీ మామకి మెడ వెనకాల చెమట పట్టింది. రేపు ఒక్కటైనా అవతలికి అనాలి. ఎవరిది? ఎవరిది అన్నా మీదపడి కొట్లాడతారు, మోపు విప్పమంటారు, మేస్త్రీని పిలుస్తారు. మేస్త్రీ వాసన చూశాడంటే బండారం బయటపడుతుంది. కొట్లాడని మనిషి కావాలి.

మర్నాడు వరసలో వదిన బండి కనిపించింది.

వదిన అంటే మామ పెళ్ళాం అక్క. గాడిద బండి, పెద్ద నోరు. నాగజెముడు మట్టలని చీల్చి బండల మీద పరిచి, తమలపాకులు తిప్పినట్టు ఒక్కొక్కటే తిప్పి ఎండబెడుతుంది. ముళ్ళు గుచ్చుకుని ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా చిల్లులు పడి ఉంటాయి. మామ ఆవిడని ఏడిపించని రోజు లేదు, ఆవిడ తిరిగి అంటించని రోజూ లేదు. కానీ అదంతా వేళాకోళమే, మరిదితో ఆవిడ ఎన్నడూ నిజంగా కొట్లాడలేదు.

"వదినా, ఈవేళ బండి ఎవరు లాగారు, గాడిదా నువ్వా?"

"నువ్వు ఇక్కడున్నావుగా మరిదీ, ఇంకో గాడిదని ఎవరు వెతుకుతారు?"

వరసంతా గొల్లుమంది. మామ కొక్కెం దింపాడు. మెలితిప్పి లాగాడు. అరచేతుల్లో నలుపుతుంటే కంటికి కనిపిస్తూనే ఉంది, ఎండిన మట్ట ముక్కలు పొడిపొడిగా, లేత గోధుమరంగులో. ఊదాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిస్తే ఆవిడ మొహం కనిపిస్తుందని మూసుకునే ఉన్నాడు.

"అవతలికి" అన్నాడు.

వదిన పకపకా నవ్వింది. "చాల్లే మరిదీ నీ వేషాలు. జరుగు, గాడిదకి దాహం వేస్తోంది."

"అవతలికి వదినా. బూజు."

"ఇదిగో, వెనకాల బండ్లున్నాయి. ఇంటికొచ్చి ఆడుకుందాంలే ఈ ఆట."

మామ కాటావాడి వంక చూశాడు. కాటావాడు కూడా నవ్వుతూ నిలబడ్డాడు, ఈ వేళాకోళం ఎక్కడ ఆగుతుందా అని. మామ తనే వెళ్ళి గుంజకి వేలాడుతున్న పేలికల కట్టలోంచి ఒకటి లాగాడు. బండి కాడికి కడుతుంటే ముడి పడలేదు, వేళ్ళు జారాయి. మళ్ళీ కట్టాడు.

అప్పుడు ఆగింది వదిన నవ్వు. ఒక్కసారిగా కాదు, పెదాల దగ్గర కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత జారింది. మరిది మొహంలోకి చూసింది. ఆయన గాడిద చెవులకేసి చూస్తున్నాడు. కొట్లాడలేదు. పగ్గం పట్టుకుని బూడిద గుంట వైపు బండి తిప్పింది. మోపులు తనే విప్పి, తనే పోసింది. గుంటలో ఆ ఎండు మట్టలు గలగలమని పడుతుంటే ఆ చప్పుడు గేటుదాకా వినిపించింది.

"సొంత వదినని కూడా వదల్లేదు! మామంటే మామే" అన్నాడు కాటావాడు. మేస్త్రీ భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టిన చోట సాయంత్రందాకా కాలుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నె తెకతెకా ఉడుకుతోంది. మూత ఎగిరెగిరి పడుతోంది. అంచుల నించి ఆవిరి పొగలు పొగలుగా లేచి కిటికీలోంచి పోతోంది. ఇల్లాలు పీట మీద కూర్చుని, గరిటె చేతిలో పట్టుకుని, గుమ్మంకేసే చూస్తోంది.

"అబ్బబ్బా! ఏం వాసనే!" అన్నాడు మామ చెప్పులు విడుస్తూనే. వాసన పోయిన రోజునించీ ఇంటికి రాగానే ఈ మాట అనడం అలవాటు చేసుకున్నాడు. "వీధి మలుపు దాకా కొడుతోంది!"

"ఏం కూరో చెప్పండి చూద్దాం" అంది ఇల్లాలు.

మామ ముక్కుపుటాలు ఎగరేశాడు. కత్తిపీట పక్కన వంకాయ తొడిమ ఒకటి కనిపించింది. "నన్నే అడుగుతున్నావా? వంకాయ. ఉల్లిపాయ బాగా వేగింది. ఉప్పు ఒక పిసరు తక్కువైంది."

"ఉప్పు కూడా వాసనొస్తోందా?"

"ముక్కు మామ అని ఊరికే అంటారా!"

ఇల్లాలు గరిటె కింద పెట్టింది. "అక్క బండికి పేలిక కట్టారట."

"ఆఁ."

"నిజంగా బూజు వాసన వచ్చిందా?"

కాళ్ళు కడుక్కునే వంకన మామ అప్పటికే పెరట్లోకి నడిచాడు. "వచ్చింది" అన్నాడు చెంబులోకి చూస్తూ. "రాకపోతే ఎందుకంటాను? మన అనుకుంటే ఎలా, ఉద్యోగం కదా."

తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది, గిన్నె లేదు. "మాటల్లో పడి చూసుకోలేదు, అడుగంటిపోయింది. పారబోశాను" అంది ఇల్లాలు. "మాడు వాసన మీకూ వచ్చే ఉంటుందిగా?"

"రాకేం? కాళ్ళు కడుక్కుంటూ అనుకున్నా, మాడుతోందే అని."

"అరిచి చెప్పొచ్చుగా."

"చెబుదామనే వస్తున్నా, ఈలోపు..."

"అవునా" అంది ఇల్లాలు. పొద్దుటి పప్పు వడ్డించింది. మామ తల వంచుకుని తిన్నాడు. నాలుకకి ఉప్పూ కారం తప్ప ఇంకేమీ తెలియలేదు.

మర్నాడు పొట్టు మిషన్ దగ్గర కుప్ప కింద లారీ ఆసామి మోపులు కొన్ని మిగిలి ఉన్నాయి. మామ దేనికో అటు వెళ్ళాడు. ఒక మోపు కట్టిన నార తెగి విచ్చుకుని ఉంది. మధ్యలో నాగజెముడు మట్టలు నల్లగా, జిగురుగా, మీద తెల్లటి బూజు దూదిలా పరుచుకుని ఉన్నాయి. దీనికి ముక్కు అక్కర్లేదు. కళ్ళు చాలు. మామ అటూ ఇటూ చూశాడు. పక్కనున్న పట్టా అంచు కాలితో లాగి, ఆ మోపు మీద కప్పాడు. కప్పాక గానీ తన కాలు ఏం చేసిందో ఆయనకి అర్థం కాలేదు.

సాయంత్రానికి తొట్టి చెడింది.

మొదట లాబ్ అమ్మాయి ముక్కుకి చున్నీ కట్టుకుని బయటికి పరిగెత్తింది. తర్వాత మేస్త్రీ దగ్గుతూ వచ్చాడు. తర్వాత బాయిలర్ వాళ్ళు, కాటావాడు, అందరూ తువ్వాళ్ళు మొహాలకి చుట్టుకుని గేటు దగ్గర చేరారు. "చచ్చిన ఎలకలని ఊరగాయ పెట్టినట్టుంది" అన్నాడొకడు. మామ కూడా చటుక్కున తువ్వాలు చుట్టుకున్నాడు. అందరికంటే గట్టిగా ఉమ్మాడు కూడా.

మర్నాడు పొద్దున తొట్టి పక్కనే పంచాయితీ. మేనేజరు వచ్చాడు, రుమాలు ముక్కు మీదనించి తియ్యకుండానే మాట్లాడాడు. "ఈమధ్య చెడ్డ సరుకు తెచ్చింది ఎవరు?" అన్నాడు. చెడ్డ సరుకంటే పేలిక ఉన్న బండే. అంతకుముందు రోజుల్లో ఆవిడ తెచ్చినవన్నీ లోపలికి పోయే ఉంటాయి కదా, అందులోనే ఉంది రోగం అని తేల్చేశారు. వదినని పిలిపించారు. ఎండలో, పేలిక కట్టిన బండి పక్కన నిలబెట్టారు.

"ఇక మీదట నీ సరుకు మాకొద్దమ్మా. ఈ గేటు దగ్గరికి రాకు" అన్నాడు మేనేజరు.

వదిన చేతులు కొంగులో చుట్టుకుంది. "అయ్యా, నేను ఎండబెట్టకుండా ఒక్క మట్ట కూడా తేను" అంది. పెద్ద నోరు అనుకున్నామే, ఆ గొంతు పక్కనున్న గాడిదకి కూడా వినిపించి ఉండదు. "బూజు లేదని నాకు తెలుసు. కానీ మా మరిది ఉందన్నాడు. ఆయన ముక్కు అబద్ధం చెప్పదు. నేనే ఎక్కడో ఏమరపాటుగా ఉన్నానేమో."

ఆ మాట విని మామ బండి కాడికి కట్టిన పేలిక వంక చూశాడు. తిట్టినా బాగుండేది. నలుగురిలో నిలబెట్టి దుమ్మెత్తిపోసినా బాగుండేది. ఈవిడేంటి, పేలిక కట్టినవాడిని నమ్మి తనని తాను అనుమానించుకుంటోంది!

"మేస్త్రీ" అన్నాడు మామ. "నాకు వాసన రావట్లేదు."

"ఏంటి?"

"ముక్కు పోయింది. జలుబు చేసిన దగ్గర్నించీ ఏ వాసనా తెలీట్లేదు. ఆవిడ సరుకులో ఏమీ లేదు. ఊరికే అన్నాను."

ముందు కాటావాడు ఫక్కుమన్నాడు. బాయిలర్ వాళ్ళు అందుకున్నారు. మేస్త్రీ తల కొట్టుకున్నాడు. "ఇంత కంపులో కూడా నీకు వేళాకోళమే? సబ్బు నురగ తెచ్చావా ఈసారి కూడా?"

"నిజంరా!"

"వదిన మీద ప్రేమ పొంగింది! ముక్కు పోయిందట!" ఇంకా నవ్వారు. మేనేజరు విసుక్కుని వెళ్ళబోయాడు. మామ చుట్టూ చూశాడు. జీవితమంతా ఈ నవ్వు కోసమే తిప్పలు పడ్డాడు. ఇవాళ అడక్కుండానే వచ్చింది, పొమ్మంటే పోవట్లేదు.

తొట్టి అంచున తాడుకి వేలాడుతున్న ముంత తీసుకున్నాడు. చెడిన తీపినీళ్ళలో ముంచాడు. పైకి తీస్తుంటే బుడగలతో నల్లటి తెట్టు కారింది. దగ్గరున్నవాళ్ళు కెవ్వుమని వెనక్కి దూకారు. మామ తన తువ్వాలు విప్పి కింద పడేశాడు. ముంత ముక్కుకి ఆనించుకుని నిండా ఒక ఊపిరి పీల్చాడు. వదిలాడు. ఇంకోటి పీల్చాడు. కనుబొమ్మ కదల్లేదు, కంట్లో నీరు రాలేదు. పాయసం గిన్నె పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. ఇంకోటి పీల్చాడు.

నవ్వు ఒకరి తర్వాత ఒకరి దగ్గర ఆగిపోయింది.

లాబ్ అమ్మాయి దగ్గరికి వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, ముంత ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "చాలు బాబాయ్" అంది.

"ఆ పట్టా కింద లారీ సరుకుంది" అన్నాడు మామ. "బూజు పట్టింది. కప్పింది నేనే."

మేస్త్రీ వెళ్ళి పట్టా ఎత్తాడు. చూసి మళ్ళీ కింద పెట్టాడు.

మామ బండి దగ్గరికి వెళ్ళి పేలిక ముడి విప్పబోయాడు. రాలేదు. తనే కట్టాడు కదా, భయంతో బిగించిన ముడి. పళ్ళతో లాగి విప్పాడు. ఆ పేలికని ఏం చెయ్యాలో తోచక కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి తన సైకిలు హాండిలుకి కట్టుకున్నాడు.

"వదినా, ఇదిగో, ఇప్పుడు అసలు గాడిదకి కట్టాను" అన్నాడు, అలవాటు కొద్దీ.

వదిన పగ్గం అందుకుంది. "నవ్వించకు మరిదీ. నాకు ఇవాళ నవ్వు రావట్లేదు" అంది. బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

గేటు దగ్గర కొక్కెం మేస్త్రీకి ఇచ్చారు. మామకి బూడిద గుంట దగ్గర పార ఇచ్చారు. ఆ గుంటలో వదిన పోసిన మట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. పొద్దు వాలేదాకా వాటి పక్కనే పని చేశాడు.

సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. తొక్కితే పేలిక రెపరెపలాడుతుందని తొక్కలేదు. ఇల్లాలు గుమ్మంలో కూర్చుని ఉంది. చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"ఇదిగో, నాకు... వాసన..."

"తెలుసు" అంది ఇల్లాలు.

"అప్పుడే మీ అక్క చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. అక్క బండికి పేలిక కట్టారని విన్న సాయంత్రమే తెలుసు. మీరే చెప్తారేమోనని చూశాను. ఇవాళ కూడా చెప్పకపోతే రేపు నేనే గేటు దగ్గరికి వద్దామనుకున్నా."

మామ మెట్టు మీద కూలబడ్డాడు. "ఎలా తెలిసింది?"

ఇల్లాలు సైకిలుకి కట్టిన పేలిక చూసింది, ఆయన మొహం చూసింది.

"ఆ రోజు గిన్నెలో ఉన్నవి మంచినీళ్ళు" అంది. "మంచినీళ్ళు ఎక్కడైనా మాడతాయా?"

ఏమయ్యా, నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఆయనకంటే ముక్కు పోయింది పాపం. ఆ మూత ఎగిరెగిరి పడుతుంటే వంకాయ కూరని లొట్టలేశావే, ముక్కు పట్టుకుని కూర్చున్న నీకేమైంది?